యాప్‌లో వందల వ్యాయామాలు.. మీకు చాలినవి ఐదు

వడమాలపేట నుంచి ఓపీకి వచ్చిన 58 ఏళ్ల రిటైర్డ్ టీచర్ ఒకాయన నడుం పట్టుకుని కూర్చున్నారు. ‘‘బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మా పిల్లోడు ఫోన్లో యాప్ వేసిచ్చినాడు సార్. దాంట్లో చూసి డెడ్‌లిఫ్ట్ చేసినా’’ అన్నారు. బార్‌బెల్ ఎక్కడిదని అడిగితే, ఇంట్లో 25 కిలోల బియ్యం మూట ఉంది కదా అన్నారు!

నడుంనొప్పి కొద్దిరోజుల్లో తగ్గేదే. నన్ను కంగారుపెట్టింది వేరే సంగతి. ఆయనకు 14 ఏళ్లుగా షుగర్. రెండేళ్ల కిందట కంటికి లేజర్ చేయించుకుని, మళ్లీ చెకప్‌కు వెళ్లలేదు. షుగర్ ముదిరినప్పుడు రెటీనా మీద కొత్తగా పుట్టే రక్తనాళాలు చాలా పెళుసుగా ఉంటాయి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారిగా పెరిగి అవి చిట్లవచ్చు. కంట్లోకి రక్తం దిగి చూపు మసకబారవచ్చు. మీ కన్ను సంగతి యాప్‌కు తెలియదు.

అలాగని యాప్ తీసేయమనలేదు. తిన్న అన్నం నుంచి వచ్చే గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకునేది కండరాలే. ‘రోజూ నడుస్తున్నాం కదా’ అంటారు చాలామంది. నడకతో పాటు వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలూ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

యాప్‌లోని ఎక్సర్‌సైజ్ లైబ్రరీ తెరిస్తే వందల వీడియోలు కనిపిస్తాయి. బట్టల షాపులో చీరలన్నీ పరిపించుకున్నట్టు అన్నీ చూస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. ముందు ఫిల్టర్లు పెట్టుకోండి. పరికరాల దగ్గర ‘బాడీవెయిట్’, స్థాయి దగ్గర ‘బిగినర్’. వచ్చినవాటిలో ఐదు చాలు: కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆన్చి పుషప్స్, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తే ‘బ్రిడ్జ్’, మడమలెత్తడం, రబ్బరు బ్యాండును వెనక్కి లాగే ‘రో’. చివరిదానికి మాత్రం బ్యాండు కొనాలి. పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయని జంకకండి. ఒకప్పటి తాలింఖానాల్లో తీసిన దండీలు, బస్కీలే పుషప్స్, స్క్వాట్స్.

వీడియో చూస్తూ చేయకండి, మెడ పట్టేస్తుంది. ఒకసారి పూర్తిగా చూసి, ఫోన్ పక్కన పెట్టి చేయండి. వీడియోలోని కుర్రాడి వేగం మీకక్కర్లేదు. 8 నుంచి 12 సార్లు చేసి, ‘ఇంకో రెండు చేయగలను’ అనిపించేచోట ఆపండి. కష్టపడే క్షణంలో ఊపిరి వదలాలి. ఎన్నిసార్లు చేశారో యాప్‌లో రాసుకోండి. 12 సులువుగా వస్తుంటేనే పెంచండి. ఒకే భాగానికి వరుసగా రెండు రోజులు వద్దు.

కంటి సమస్య, గుండెజబ్బు, హెర్నియా, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు లైబ్రరీలో కనిపించే ‘క్రంచెస్’ లాంటి, వెన్ను ముందుకు వంచేవాటి జోలికి పోవద్దు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడేవాళ్లకు షుగర్ 90 కంటే తక్కువగా ఉంటే, ఏదైనా కొంచెం తిన్నాకే మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కంటిముందు నల్లచుక్కలు కనిపిస్తే వెంటనే ఆపేసి ఆసుపత్రికి రండి.

ఆ టీచర్‌ను ముందు రెటీనా పరీక్షకు తిరుపతి పంపాను. కంటి డాక్టరు సరేనన్నాక కుర్చీ వ్యాయామంతో మొదలుపెట్టారు. మొన్న వచ్చినప్పుడు ఫోన్ తీసి లెక్క చూపించారు: మొదటిరోజు 6, ఇప్పుడు 11. బియ్యం మూట ఇప్పుడు ఎవరెత్తుతున్నారని అడిగాను. ‘‘మా పిల్లోడు వచ్చినప్పుడు వాడే సార్’’ అన్నారు.