పంటికి పట్టిన నీరు

ప్రకాశం పశ్చిమ ప్రాంతంలో, కనిగిరి నుండి హనుమంతునిపాడు వరకు విస్తరించిన పల్లెలలో, పలువురి పళ్ళు వారు తాగి పెరిగిన నీటి చరిత్రను చెబుతాయి. కొందరి పంటి మీద సుద్ద పూసినట్లు తెల్లని మచ్చలుంటాయి. కొందరికి గోధుమవన్నె చారలు. మరికొందరికి పింగాణి పొర గుంటలు పడి పెచ్చులూడుతుంది. ఎంత తోమినా పోని ఈ మచ్చలకు కారణం అపరిశుభ్రత కాదు. అది ఫ్లోరైడ్ చేసిన పని.

ఈ సీమలోని గ్రానైట్ శిలలలో ఫ్లోరైడ్‌తో కూడిన ఖనిజాలున్నాయి. వానలు తక్కువ. రాతి పగుళ్ళలో చిరకాలం నిలిచిన నీరు ఆ లవణాన్ని కరిగించుకొని బావులలోనికి, బోర్లలోనికి చేరుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. మన దేశ ప్రమాణాలు 1 మిల్లీగ్రామునే కోరదగిన హద్దుగా పేర్కొని, వేరొక నీటి వనరు లేనిచోట మాత్రమే 1.5 వరకు అనుమతించాయి. విచిత్రమేమంటే ఇదే ఫ్లోరైడ్ స్వల్పంగా ఉన్నప్పుడు పంటిని పుచ్చు నుండి కాపాడుతుంది. అమృతమూ విషమూ ఒకే పాత్రలో ఉన్నాయనుకోవచ్చు.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడివారి గోధుమరంగు పళ్ళను చూసి ఆశ్చర్యపడ్డాడు. కారణం నీటిలోని ఫ్లోరైడే అని తేలడానికి 1931 వరకు పట్టింది. అటుపిమ్మట ఆరేళ్ళకే, 1937లో, షార్ట్ మొదలైన వైద్యులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఎముకలను సైతం బిగదీస్తున్నదని ప్రకటించారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో చేరాయి. జిల్లాలు మారాయి గాని భూగర్భజలం మారలేదు.

ఇటువంటి పల్లె నుండి ఒక నడివయస్కుడైన రైతు దవడవాపుతో పట్టణంలోని దంతవైద్యుని వద్దకు వచ్చాడనుకొందాం. గుంటలు పడిన పంటిలో ఆహారం చిక్కుకొని, పుచ్చు లోపలి నాడిదాకా చేరింది. లవంగంతోను, వేపపుల్లతోను కొన్ని నెలలు నెట్టుకొచ్చాడు. ముందే వచ్చి ఉంటే పుచ్చును తొలిచి నింపేవారు. కొంత ఆలస్యమైనా వేరుకు చికిత్స చేసి పంటిని నిలిపేవారు. ఇప్పుడు మిగిలినది తొలగించడమే. అతనికి మాత్రం వేరొక భయం: పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఎవరో చెప్పారు.

ఈ భయాన్ని కేవలం పామరుల అపోహ అని నవ్వి వదిలివేయడం న్యాయం కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో, పై పన్ను కదులుతున్నా వైద్యుడు దానిని తీయరాదనీ, తీస్తే అతిగా రక్తం స్రవించి చూపు దెబ్బతినడం, ముఖం వంకరపోవడం వంటి ఆపదలు కలుగుతాయనీ హెచ్చరిక ఉంది. రక్తాన్ని ఆపే సాధనాలు, సూక్ష్మక్రిములను చంపే మందులు లేని కాలంలో అది జాగరూకుడైన వైద్యుని మాట. నేటి శరీరశాస్త్రం ప్రకారం పంటికి స్పర్శనిచ్చే నాడి వేరు, దృష్టినిచ్చే నాడి వేరు. పన్ను తీసినందువల్ల చూపు తగ్గదు. చీము పట్టిన పంటిని ఉంచుకోవడమే అపాయకరం.

నొప్పి లేకుండా పన్ను తీయడం కూడా ఇటీవలి విద్యయే. హొరేస్ వెల్స్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1844 డిసెంబరు 11న నవ్వుపుట్టించే వాయువును పీల్చి తన పంటినే తీయించుకొన్నాడు. నేడు విరివిగా వాడే లిగ్నోకైన్‌ను స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. ఆ సూది మందు పడిన కొద్ది నిమిషాలకు చిగురు, పెదవి మొద్దుబారుతాయి. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు. పన్ను ఎముకకు మేకులా దిగగొట్టినట్లు ఉండదు. సన్నని తంతువులు దానిని గుంటలో పట్టి ఉంచుతాయి. వైద్యుడు ముందుగా ఆ పట్టును సడలించి, పిమ్మట పట్టకారుతో పంటిని అటూ ఇటూ కదిలించి వెలికి తీస్తాడు. ఇందులో బలం కంటె ఓర్పు ముఖ్యం. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మాత్రలను తమంతట తాము మానరాదు.

పన్ను పోయిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. మానుదల అంతా ఆ గడ్డ మీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే గుడ్డను అరగంట నుండి ముప్పావుగంట వరకు గట్టిగా కరచి ఉంచమంటారు. మొదటి రోజు ఉమ్మివేయడం, పుక్కిలించడం కూడదు. కొబ్బరిబొండాన్ని గొట్టంతో పీల్చినా ఆ లాగుడుకు గడ్డ ఊడిరావచ్చు. చుట్ట, బీడీ కాల్చేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గడ్డ ఊడితే ఎముక బయటపడి, రెండు మూడు రోజులకు చెవిదాకా పాకే నొప్పి మొదలవుతుంది. అప్పుడు ఇంటి వైద్యం పనికిరాదు, దంతవైద్యుని వద్దకు మళ్ళీ వెళ్ళవలసిందే. చల్లారిన రాగిజావ, మెత్తని పెరుగన్నం ఆ పూటకు తగిన ఆహారం. కారం, వేడి, గట్టి పలుకులు వద్దు. ఇరవైనాలుగు గంటలు గడచిన తరువాత గోరువెచ్చని ఉప్పునీటిని నోట ఉంచుకొని మెల్లగా వదలాలి. వారం పదిరోజులలో చిగురు చాలవరకు కూడుకొంటుంది. లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. ఖాళీని అలాగే వదిలితే పక్కపళ్ళు అటు ఒరుగుతాయి కనుక కట్టుడుపన్ను గురించి వైద్యుని అడగడం మంచిది.

రైతు ఇంటికి చేరేసరికి మనుమరాలు బోరునీటి బిందె దించుతూ ఉంటుంది. ఆమె శాశ్వతదంతాలు ఇంకా చిగుళ్ళ లోపలే రూపుదిద్దుకొంటున్నాయి. పింగాణి పొర తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ళ వయసు వరకే. ఆ తరువాత తాగే నీరు పంటిపై కొత్త మచ్చలు వేయదు, ఎముకలను మాత్రం వదలదు. శ్రీశైలం నుండి నల్లమల కొండల కింద సొరంగాల ద్వారా కృష్ణానీటిని ఈ పల్లెలకు చేర్చాలన్నది వెలిగొండ పథక సంకల్పం.