మెడలో బిళ్ళ: స్కాన్‌కు రంగు మందు ఎందుకు?

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. మా కైవారం వైపు చిన్నపిల్లలకూ తెలిసిన సంగతే ఇది. డాక్టర్లు లింఫ్ గ్రంథి అనేది ఆ బిళ్ళనే. ఒంట్లో మలినాన్ని జల్లెడ పట్టే పని దానిది. దారి తప్పి వచ్చిన క్యాన్సర్ కణాలు కూడా ముందు అక్కడే చిక్కుకుంటాయి. ఒక్కోసారి అక్కడే కాపురం పెడతాయి.

ఆకు వక్కలో పొగాకు కలిపి రోజంతా దవడన పెట్టుకునే అవ్వలు మా ఊళ్ళలో ఎందరో! ఆ దవడలోనే మానని పుండు లేచి క్యాన్సరైతే, దాని తర్వాతి మజిలీ మెడలోని బిళ్ళలే. అందుకే బెంగళూరు కిద్వాయికో, మరో క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్తే నోటితో పాటు మెడకూ స్కాన్ రాస్తారు. సీటీ అయితే మందు ఎక్కించి తీస్తామంటారు.

ఆ మందు కాంట్రాస్ట్. అందులో ఉండేది అయోడిన్. చేతి నరంలోకి ఎక్కించగానే ఒళ్ళంతా వెచ్చబడుతుంది, నోట్లో ఇనుప రుచి తగులుతుంది, మూత్రం పడిపోయిందేమో అని కూడా అనిపిస్తుంది. కాసేపట్లో అదే తగ్గిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, ఆస్తమా ఉన్నా, షుగరుకు మెట్‌ఫార్మిన్ మింగుతున్నా, ఇలాంటి మందు ఇదివరకు పడకపోయినా ముందే చెప్పాలి.

నెత్తురు పారే చోటల్లా ఆ మందు చేరి తెల్లగా కనిపిస్తుంది. మంచి బిళ్ళ చిక్కుడు గింజలా ఉంటుంది. క్యాన్సర్ పట్టినది గుండ్రంగా ఉబ్బుతుంది. లోపలి కణాలు నెత్తురందక చచ్చిపోతే అంచు తెల్లగా, నడుమ నల్లగా తేలుతుంది. మందు లేకుండా తీస్తే ఈ తేడా సరిగా తెలియదు.

బిళ్ళ ఒక సెంటీమీటరు దాటితే అనుమానించాలని లెక్క ఉంది. కానీ పుచ్చుపన్ను వల్ల కూడా బిళ్ళ పెరుగుతుంది. టీబీ బిళ్ళ కూడా అచ్చం అలాగే నడుమ నల్లబడుతుంది. అందుకే సన్నని సూదితో కాస్త తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే రోగం పాకుతుందని దయచేసి వద్దనకండి.

నోటి ఆపరేషన్‌తో పాటు మెడ బిళ్ళలు కూడా తీసేస్తే, "స్కాన్‌లో మెడ బాగుందన్నారు కదా, మరి మెడెందుకు కోశారు?" అని ఇంటివాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బిళ్ళలో ఆవగింజంత చేరిన క్యాన్సర్ ఎంత మంచి స్కాన్‌కైనా చాలాసార్లు చిక్కదు. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు తొలిదశ నోటి క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధన 2015లో వెలువడింది. మెడలో బిళ్ళలేవీ తేలనివాళ్ళే వాళ్ళంతా. మొదటి ఆపరేషన్‌లోనే మెడ బిళ్ళలు కూడా తీసినవాళ్ళలో మూడేళ్ళకు 80 శాతం బతికున్నారు. బిళ్ళ తేలాక తీద్దామని ఆగినవాళ్ళలో 67.5 శాతమే.