నరాన్ని నలుపుతోందా, విషం చిమ్ముతోందా?

కవరైపేట్టై నుంచి ఒక పాఠకుడి ప్రశ్న వచ్చింది. ఏడాదిగా ఆయన ఎడమ చెవిలో ఒకటే హోరు. ఫోను ఆ చెవి దగ్గర పెడితే అవతలివాళ్ల గొంతు వినిపిస్తుంది గానీ మాట తెలియదు. చెన్నైలో ఎంఆర్ఐ తీయిస్తే అకౌస్టిక్ న్యూరోమా అని తేలింది. గడ్డ 8 మిల్లీమీటర్లు. ఇప్పుడేమీ చెయ్యక్కర్లేదు, ఆరు నెలలాగి మళ్లీ స్కాన్ తీద్దాం అన్నారట డాక్టరుగారు. ఆయన అడుగుతున్నది ఇదీ: ‘ఇంత చిన్న గడ్డ సగం వినికిడిని ఎలా తినేసింది? తినేస్తుంటే చూస్తూ కూర్చోవడమేమిటి?’

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. మొదటిది మాత్రం వందేళ్లపాటు మహామహా సర్జన్లనే పక్కదారి పట్టించింది.

ముందు నాలుగు ముక్కలు. లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే ఎనిమిదో కపాల నరం, ముఖాన్ని కదిలించే ఏడో నరం కలిసి సుమారు సెంటీమీటరు పొడవున్న ఎముక సందులోంచి దూరి వెళతాయి. ఎనిమిదో నరంలో శరీరం తూలకుండా చూసే పాయ ఒకటుంది. దాని చుట్టూ ఉండే శ్వాన్ కణాలు అదుపు తప్పి పెరిగితే ఈ గడ్డ వస్తుంది. క్యాన్సర్ కాదు. 22వ క్రోమోజోము మీది ఎన్ఎఫ్2 జన్యువును 1993లో రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. ‘ఇక చాలు, పెరగకు’ అని కణానికి చెప్పే మెర్లిన్ అనే ప్రొటీన్ ఆ జన్యువు నుంచే తయారవుతుంది. అది పనిచేయకపోతే గడ్డ మొదలవుతుంది.

ఆగి చూడటం ఎందుకంటే, ఈ గడ్డల్లో చాలావరకు పెరగనే పెరగవు. డెన్మార్క్‌లో 552 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో లెక్క చెప్పారు. ఎముక సందులోనే ఉన్న గడ్డల్లో పెరిగినవి 17 శాతమే. నార్వేలో 100 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వెంటనే రేడియోసర్జరీ, అంటే గడ్డకు గురిపెట్టిన రేడియేషన్, ఇచ్చారు, రెండో జట్టును స్కాన్లతో కనిపెట్టుకుని ఉన్నారు. 2023లో ఫలితాలు వచ్చాయి. నాలుగేళ్లకు రేడియేషన్ తీసుకున్నవాళ్ల గడ్డలు తగ్గాయి, మిగతావాళ్లవి సగటున పెరిగాయి. వినికిడిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు!

అసలు ఆసక్తి ఇక్కడే పుడుతుంది. గడ్డ లొంగింది, చెవి దక్కలేదు. అలాంటప్పుడు చెవిని పాడుచేస్తున్నది గడ్డ సైజేనా?

సైజే అని అందరూ నమ్మారు. న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ 1917లో ఈ గడ్డల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అతని దగ్గరికి వచ్చేసరికి చాలామందికి గడ్డ మెదడు దాకా పాకి, చూపు కూడా దెబ్బతినేది. పూర్తిగా తీస్తే మనిషి దక్కడని గుజ్జు తోడేసి, పైతొడుగు వదిలేసేవాడు. వదిలిన తొడుగు మళ్లీ పెరుగుతుంది కదా అంటూ ఒకప్పటి అతని శిష్యుడు వాల్టర్ డాండీ మొత్తం గడ్డను తీసి చూపించాడు. 1922లో ఆ సంగతి ప్రకటించగానే, తన పేరు తగినంత చెప్పలేదని కుషింగ్ ఘాటుగా ఉత్తరం రాశాడు. ఆ వైరం చల్లారనే లేదు. 1960ల తొలినాళ్లలో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ మైక్రోస్కోపు పెట్టుకుని, చెవి వెనుక ఎముకను తొలిచి గడ్డను చేరాడు. మొదట దంతవైద్యం, తర్వాత చెవి వైద్యం చదివినవాడికి మెదడు దగ్గర పనేమిటని న్యూరోసర్జన్లు మండిపడ్డారు. వీళ్లు ఎంత కొట్టుకున్నా ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట: ఇరుకు సందులో గడ్డ, నలిగిన నరం, పోయిన వినికిడి. కళ్లముందున్నవన్నీ పెద్ద గడ్డలే అయినప్పుడు ఇంకో ఆలోచన రాకపోవడంలో వింతేమీ లేదు.

ఎంఆర్ఐ వచ్చాక చిన్న గడ్డలూ బయటపడసాగాయి. అప్పుడు లెక్క తప్పింది. పెద్ద గడ్డ ఉన్నా బాగా వినేవాళ్లున్నారు. గోరంత గడ్డతో చెవిటివాళ్లయినవాళ్లూ ఉన్నారు.

బోస్టన్‌లోని మాసచుసెట్స్ ఐ అండ్ ఇయర్ ఆసుపత్రిలో కాన్‌స్టాంటినా స్టాంకోవిచ్, సోనమ్ దిల్వాలీ ఈ ముడి విప్పడానికి పూనుకున్నారు. ఆపరేషన్‌లో తీసిన గడ్డను పారేయకుండా పోషక ద్రవంలో బతికించి ఉంచారు. గడ్డ అందులోకి ఏవేవో ప్రొటీన్లు ఊరుస్తుంది. ఆ ఊటను ఎలుక లోపలి చెవిలోని కోక్లియా మీద పోశారు. అక్కడ గడ్డ లేదు, నరాన్ని నొక్కేదీ లేదు, ఉన్నది ఊట ఒక్కటే. అయినా శబ్దాన్ని పట్టే రోమకణాలు, వాటినుంచి బయల్దేరే నరపు పోగులు దెబ్బతిన్నాయి. మనిషిలో ఈ రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. వినికిడి బాగా పోయిన రోగుల గడ్డల ఊటే ఎక్కువ హాని చేసింది. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అందులో దొరికిన ఒక దోషి టీఎన్ఎఫ్-ఆల్ఫా, వాపు పుట్టించే ప్రొటీన్. అంతకు రెండేళ్ల ముందే ఇంకో విశేషం చూశారు. బాగా వినేవాళ్ల గడ్డలు, సైజుతో పనిలేకుండా, ఎఫ్‌జీఎఫ్2 అనే మరో ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తున్నాయి. ఒకే జాతి గడ్డల్లో కొన్ని విషం చిమ్ముతుంటే, కొన్ని చెవిని కాపాడుతున్నట్టున్నాయి! ఇంత సొగసైన ప్రయోగం ఈ రంగంలో అరుదు. నొక్కుడు సిద్ధాంతం పూర్తిగా అబద్ధమని కాదు. పెద్ద గడ్డలు నొక్కుతాయి, మనిషిని చంపుతాయి కూడా.

2021లో లెయ్ షూ పరిశోధక బృందం ఇంకో అడుగు వేసింది. మన ఊళ్లలో బీపీకి రోజూ మింగే లోసార్టన్ మాత్ర, ఎలుకల్లో ఈ గడ్డ వల్ల వచ్చే చెవుడును ఆపింది. పాత కేసులు తిరగేస్తే, లోసార్టన్ తరగతి మందులు వాడిన బీపీ రోగుల్లో వినికిడి మరింత దిగజారలేదు. దీన్ని మనుషుల్లో పద్ధతిగా పరీక్షించి తేల్చాలని పరిశోధకులే రాశారు. రెండు చెవుల్లోనూ గడ్డలొచ్చే ఎన్ఎఫ్2 రోగులకు బెవాసిజుమాబ్ అనే మందు ఇస్తే 2009లో పదిమందిలో తొమ్మిదిమందికి గడ్డ తగ్గింది. వినికిడి లెక్కించగలిగిన ఏడుగురిలో నలుగురికి మెరుగైంది.

ఇక మన సంగతి. గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే కవరైపేట్టై నుంచి చెన్నై సెంట్రల్, రోడ్డు దాటితే జీహెచ్, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. అక్కడ న్యూరోసర్జరీ విభాగాన్ని బి. రామమూర్తి 1950లోనే మొదలుపెట్టారు. వినికిడి నరాలు రెండూ పోయినవాళ్లకు మెదడు కాండం మీదే ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్స కూడా చెన్నైలో మద్రాస్ ఈఎన్‌టీ రీసెర్చ్ ఫౌండేషన్ చేస్తోంది. వైద్యం దూరంగా లేదు. ఒక చెవి మందగిస్తే గులిమి అంటూ చుక్కల మందుతో ఏడాది గడిపేయడమే తంటా. గడ్డలు పెద్దవయ్యాక ఆసుపత్రికి చేరడం మన దేశంలో మామూలైపోయింది. అప్పుడు వినికిడి మాట దేవుడెరుగు, పక్కనే ఉన్న ముఖనరాన్ని కాపాడటమే సర్జనుకు పరీక్ష.

కవరైపేట్టై పాఠకుడు ఆరు నెలలకు స్కాన్‌కు వెళ్లినప్పుడు ఆడియోగ్రామ్‌తో పాటు మాటలు గుర్తుపట్టే పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి. గడ్డ పెరగలేదంటే చెవి బాగుందని అర్థం కాదు. బీపీ లేకపోతే మాత్రం లోసార్టన్ జోలికి పోవద్దు.