బయటి డిస్కులో లినక్స్: బూట్ దోషాలు, పరిశోధన సామగ్రి భద్రత

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్ 11.0లో స్థానం లభించింది. అటువంటి ప్రతుల చిత్రాలను, క్షేత్ర ధ్వనిముద్రణలను విండోస్ కంప్యూటర్‌లో దాచుకొనే పరిశోధకులు, వాటిని కదిలించకూడదనే జాగ్రత్తతోనే లినక్స్‌ను బయటి డిస్కులో ఇన్‌స్టాల్ చేసుకుంటారు. ఆ డిస్కును తీసివేశాక విండోస్ తెరుచుకోక, తెరపై ‘గ్రబ్ రెస్క్యూ’ అని కనిపించవచ్చు. సామగ్రి పోయిందనుకొని లోపలి డిస్కును ఫార్మాట్ చేస్తేనే అసలు నష్టం.

పాత బయోస్ పద్ధతిలో డిస్కు తొలి సెక్టారు 512 బైట్లు. అందులో బూట్ కోడ్‌కు దక్కేవి 446 మాత్రమే. అందువల్ల గ్రబ్ ఆరంభ భాగం లోపలి డిస్కు మొదట్లోనూ, మిగిలినది లినక్స్ విభాగంలోనూ ఉంటాయి. బయటి డిస్కు లేనప్పుడు రెండవ భాగం దొరకదు. దస్త్రాలు మాత్రం యథాతథంగానే ఉంటాయి. డిస్కును తిరిగి తగిలించి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. విండోస్ రికవరీ మాధ్యమంలోని ‘బూట్‌రెక్’ ఆదేశంతో బూట్ కోడ్‌ను తిరిగి రాయవచ్చు.

యూఈఎఫ్ఐ యంత్రాలలో చిక్కు వేరు. రెండవ డిస్కును ఎంచుకున్నప్పటికీ, ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ మొదటి డిస్కులోని ఈఎఫ్ఐ విభాగంలోనే గ్రబ్‌ను రాసేది. ఇక్కడ ఫర్మ్‌వేర్ బూట్ జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ను ముందుంచితే సాధారణంగా చాలు. బిట్‌లాకర్ ఉన్న లాప్‌టాప్‌లలో ఈ మార్పులకు ముందే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసుకోవాలి. అది లేకుంటే దస్త్రాలు డిస్కులో ఉన్నా చదవడం సాధ్యం కాదు.