సైకిల్‌కు పవర్‌ మీటర్‌ కొంటున్నారా?

సైకిల్‌ తొక్కేటప్పుడు నిజంగా ఎంత శ్రమ పడుతున్నామో తెలుసుకోవటం తేలిక కాదు. వేగం గాలిని, ఎత్తుపల్లాలను బట్టి మారిపోతుంది. గుండె వేగం ఎండకు, నిద్రలేమికి, కాఫీకీ పెరుగుతుంది. శ్రమ మొదలైన కాసేపటికి గానీ అది స్పందించదు. అందుకే కొందరు పవర్‌ మీటర్‌ మీద ఆసక్తి చూపుతున్నారు. దీన్ని ఎక్కువగా క్రాంకుకు, అంటే పెడల్‌ను ఇరుసుతో కలిపే కడ్డీకి అమరుస్తారు. తొక్కినప్పుడు ఆ కడ్డీ కంటికి కనిపించనంత వంగుతుంది. దాన్ని స్ట్రెయిన్‌ గేజ్‌ పసిగడుతుంది. పెడల్‌ తిరిగే వేగాన్నీ జోడించి శక్తిని వాట్లలో చూపిస్తుంది.

అవసరమేనా?

రోజూ అరగంట తొక్కేవారికి ఇది అక్కర్లేదు. మాట్లాడగలుగుతూ, పాట పాడలేనంత ఆయాసం ఉంటే శ్రమ మధ్యస్థంగా ఉన్నట్టే. సుదూర యాత్రలకు, పోటీలకు సిద్ధమయ్యేవారికి మీటర్‌ బాగా ఉపయోగపడుతుంది. బరువు తగ్గాలనుకునేవారికీ ఒక మేలుంది. గంటసేపు సగటున 150 వాట్లతో తొక్కితే 540 కిలోజౌళ్ల పని జరుగుతుంది. ఖర్చయ్యే కేలరీలూ ఇంచుమించు అంతే.

ఒక కాలా, రెండు కాళ్లా?

ఎడమ క్రాంకుకే అమర్చే రకం చవక. అయితే ఇది ఎడమ కాలి శక్తిని రెట్టింపు చేసి మొత్తంగా చూపిస్తుంది. ఎడమ కాలు 80, కుడి కాలు 100 వాట్లతో తొక్కితే అసలు మొత్తం 180. మీటర్‌ మాత్రం 160 అని చెబుతుంది. కాళ్ల బలంలో పెద్దగా తేడా లేనివారికి ఇది సరిపోతుంది. మోకాలికి, తుంటికి దెబ్బ తగిలినవారు, శస్త్రచికిత్స అయినవారు రెండు వైపులా కొలిచేదే ఎంచుకోవాలి. పళ్లచక్రం దగ్గర అమర్చే స్పైడర్‌ రకం కూడా రెండు కాళ్ల శక్తినీ కలిపి కొలుస్తుంది.

కొనే ముందు

* ఇప్పుడున్న క్రాంకు పొడవే ఉండాలి. సాధారణంగా 165, 170, 172.5, 175 మి.మీ. ఉంటాయి. కడ్డీ మీదే రాసి ఉంటుంది.
* ఇరుసు రకం కలుస్తుందో లేదో మెకానిక్‌కు చూపించండి. ఎడమ క్రాంకుకూ ఫ్రేముకూ మధ్య మీటర్‌ పట్టేంత ఖాళీ ఉండాలి.
* కచ్చితత్వంలో తేడా 2 శాతం లోపుండేలా చూసుకోండి. వానలో తడిసినా పాడవకూడదు.
* మీ ఫోన్‌, సైకిల్‌ కంప్యూటర్లతో కలవాలి. బ్లూటూత్‌, యాంట్‌ ప్లస్‌ రెండూ ఉంటే మంచిది.
* బయల్దేరే ముందు ప్రతిసారీ జీరో ఆఫ్‌సెట్‌ చేయండి. లేకపోతే ఉష్ణోగ్రత మారినప్పుడు అంకెలు తప్పొచ్చు.

గుండెను మరవొద్దు

సామర్థ్యాన్ని తెలుసుకోవటానికి 20 నిమిషాల పాటు శక్తికొద్దీ తొక్కే పరీక్ష చేస్తుంటారు. నలభై దాటినవారు, బీపీ, మధుమేహం ఉన్నవారు, దగ్గరి బంధువుల్లో గుండెజబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా దీనికి దిగొద్దు. బీపీకి బీటా బ్లాకర్లు వేసుకునేవారిలో గుండె వేగం అంతగా పెరగదు. కాబట్టి శ్రమను అంచనా వేయటానికి వాట్లు తోడ్పడతాయి. కానీ గుండె ఎలా ఉందో వాట్లు చెప్పవు. ఛాతీలో బరువు, కళ్లు తిరగటం, విపరీతమైన ఆయాసం ఉంటే తెర మీద అంకె ఎంతున్నా సైకిల్‌ ఆపేయండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.