ఇంటి బడిలో పచ్చ టిక్కులు

పదోన్నతితో పాటు నవంబరులో బదిలీ వస్తే పిల్లల చదువు ఏమవుతుందో మన బ్యాంకు కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. నాకు సౌరాష్ట్రలో ఒక చిన్న ఊరి శాఖ ఇచ్చారు. ఊళ్లో బడులన్నీ గుజరాతీ మాధ్యమమే. ఇంగ్లీషు మీడియం బడి నలభై కిలోమీటర్ల దూరం, అక్కడా సంవత్సరం మధ్యలో సీటు లేదన్నారు. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయిని విజయవాడలో తాతగారింట్లో వదిలి రావడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. అలా ఆ విద్యాసంవత్సరం ముగిసేదాకా కంప్యూటరు ముందు ఇంటి చదువు మొదలైంది. ఇదే ఆలోచనలో ఉన్న ఇద్దరు సహోద్యోగులు ఈ మధ్య ఫోన్ చేసి అడిగారు, అందుకే రాస్తున్నాను.

ముందు మంచి చెప్పుకుందాం. మా అమ్మాయికి రుణ సంఖ్యలంటే భయం. విజయవాడలో యాభైమంది మధ్య చెయ్యెత్తి అడగడానికి సిగ్గుపడేది. ఇక్కడ ఆ పాఠాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నది. బడిలో రోజంతా పట్టే పాఠాలు మూడు, మూడున్నర గంటల్లో అయ్యేవి. తెలుగు మర్చిపోతుందన్న బెంగ కూడా కొంత తీరింది. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేస్తే 2017లో మొదలైన దీక్షా వేదికలోని పాఠాలు ఉచితంగా వస్తాయి.

ఇక ప్రతి శనివారం నా మెయిల్‌కి ప్రగతి నివేదిక వచ్చేది. అన్నిటికీ పచ్చ టిక్కులు, నూటికి నూరు శాతం. నాలుగో వారం భోజనాల దగ్గర సరదాగా అడిగాను: "పన్నెండు వేలకి ఏడాదికి ఎనిమిది శాతం చొప్పున తొమ్మిది నెలలకి వడ్డీ ఎంతమ్మా?" బారువడ్డీ పాఠంలో పదికి పది వచ్చిన పిల్ల నోరు తెరవలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "తప్పు నొక్కితే సరైన జవాబు అదే చూపిస్తుంది నాన్నా. రెండోసారి అది నొక్కితే చాలు."

నవ్వొచ్చింది గానీ ఎంతోసేపు నిలవలేదు. చెక్‌లిస్టులో టిక్కు ఉన్నంత మాత్రాన పని జరిగినట్టు కాదని ఆడిట్లలో నేర్చుకున్నవాణ్ణి, ఇంట్లో మాత్రం నివేదిక చూసి సంతకం పెట్టేశాను! ఆ రోజు నుంచి లెక్క ఏదైనా నోటుపుస్తకంలో మెట్టుమెట్టుగా చెయ్యాలి, ఆదివారం పొద్దున నేను చూడాలి. కంప్యూటరు పాఠం చెప్పగలదు. పిల్లకి వచ్చిందో లేదో కనిపెట్టడానికి మాత్రం మనిషే కావాలి.

ఆ మనిషి ఎవరన్నది అసలు ప్రశ్న. నేను తొమ్మిదిన్నరకి శాఖకి వెళితే రాత్రి ఎనిమిది. మా ఆవిడ ఇంటి నుంచే పన్ను రిటర్నులు తయారుచేసి ఇచ్చేది. ఆ ఏడాది ఆ పని పూర్తిగా మానేసింది. ఖర్చు లెక్క వేస్తూ నేను కోర్సు ఫీజు, ఇంటర్నెట్, ఇన్వర్టరు రాశాను. ఆవిడ ఆ కాగితం చూసి, పెన్ను తీసుకుని, "ఏమండీ, ఇది వదిలేశారు" అని తన సంపాదన కింద రాసింది. ఎంబీఏలో అవకాశ వ్యయం గురించి నేను రాసిన పరీక్ష దండగే అనిపించింది. ఆ ఒక్క అంకె మిగతావాటన్నిటికంటే పెద్దది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మేము మొదట చూసిన ఒక కోర్సువాళ్లు "ఫీజు వాయిదాల్లో కట్టండి" అన్నారు. కాగితాలు చదివితే అది మన పేర తీసే అప్పు. పిల్ల పాఠాలు ఆపేసినా ఈఎంఐ ఆగదు, కట్టకపోతే క్రెడిట్ స్కోరు మీద పడుతుంది. ఇలాంటి కోర్సుల రుసుములకి ఆటో డెబిట్ ఇవ్వొద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. రోజూ అప్పు పత్రాలు చూసే మనమే చదవకుండా సంతకం పెడితే ఎలా?

తిరిగి బడికి పంపడం గురించి కూడా చాలామంది అడుగుతారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని వెనక్కి పంపకూడదు. ప్రైవేటు బడులు మాత్రం వాళ్ల పరీక్షలు వాళ్లు పెడతాయి. పదో తరగతిని ఇంటి నుంచే రాయించాలంటే 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది. 14 ఏళ్లు నిండాలి. ఒకసారి నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది పిల్ల మౌనం. డిసెంబరులో మాతో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు, కెమెరా కూడా ఆపేసి కూర్చునేది. సంక్రాంతికి అక్కడ ఊరంతా డాబాల మీద గాలిపటాలే. పక్కింటి పిల్లలు చరఖా పట్టుకోమని పిలిచారు. చీకటి పడ్డాక దారంతో వేళ్లు కోసుకుని, గొంతు బొంగురుపోయి కిందికి దిగింది. రెండు నెలల్లో గుజరాతీలో బేరమాడటం వచ్చేసింది. ఆ పాఠం ఏ కోర్సులోనూ లేదు.

జూన్‌లో ప్రవేశ పరీక్ష రాసి ఆ నలభై కిలోమీటర్ల దూరపు బడిలోనే ఎనిమిదిలో చేరింది. బస్సు ఆరున్నరకి. కంప్యూటరు పాఠాలు పూర్తిగా మానలేదు, లెక్కల్లో అర్థం కానివి శనివారం రాత్రి వింటుంది. మా ఆవిడ మళ్లీ రిటర్నుల పని మొదలుపెట్టింది. మొదటి ఫైలు నాదే, రుసుము ముందే కట్టించుకుంది.