కలిమికి గల పేళ్ళు

ధనము లేని యిండ్లలో గూడ ధనమునకు పేళ్ళు మాత్రము కొదువలేదు. అమరసింహుడు తన కోశమున ద్వితీయకాండమందలి వైశ్యవర్గములో దీనికి పదుమూడు నామములు కూర్చినాడు. వానిలో ద్రవ్యము, విత్తము, ధనము, అర్థము, విభవము నేటికిని మన నోళ్ళలో నాడుచున్నవి. ద్యుమ్నము, స్వాపతేయము వంటివి గ్రంథపు గడప దాటి వచ్చినట్లు తోపదు. బాల్యమున మా తండ్రిగారు వీనిని వల్లె వేయించునప్పుడు, "అర్థ మొక్కటే యైనచో నిన్ని మాట లెందుకు?" అని మే మడిగెడివారము. "వంటయింటి గిన్నెలన్నియు నొకటేనా?" అని వారు నవ్వి యూరకుండెడివారు.

నిజమే. ఈ మాటలు ఒకదాని చోట నింకొకటి యొదుగవు. విత్తమనగా లభించినది. అర్థమనగా కోరబడునది, కావుననే మాట యొక్క భావమును, మనుజుడు సాధింపదగిన పురుషార్థమును, పెట్టెలోని పైకమును మూడును అర్థమే. ఐశ్వర్యములో ఈశ్వరత్వమున్నది, అనగా పదిమందిపై నధికారము. నాలుగెకరముల మెట్టచేను గలవాని నైశ్వర్యవంతుడన్నచో నతడే నవ్వును. పూజాద్రవ్యము లందుము గాని పూజాధనము లనము. గోధనము, విద్యాధనము అనుచోట విత్తము పనికిరాదు.

వసువనగా ధనమును, రత్నమును. దానిని ధరించునది గనుక భూమి వసుంధర యైనది. కర్నూలు మండలమున నిది కవుల మాట మాత్రమే గాదు. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి ప్రాంతముల చేలలో స్త్రీలును పురుషులును వంగి వజ్రములు వెదకుచుందురు. ఒకానొకరికి దొరకుటయు గలదు. మిగిలినవారికి ఆ దినముల కూలి పోవును.

భాగ్యమను మాటలో భాగమున్నది. ఒక్కొక్కరి పాలికి వచ్చినదే భాగ్యము. సౌభాగ్యమనగా మంచి భాగ్యమని యర్థము గాని, మన శుభలేఖలు దానిని భర్త బ్రతికియుండుట యను నొక్క సంగతికే కుదించినవి. భర్త పోయిన స్త్రీకి వ్రాయు జాబులలో "గంగాభాగీరథీసమానురాలు" అని బిరుదమిచ్చి, భాగ్యమును మెల్లగా తొలగించిరి. ఆ వాడుక మాకు నచ్చదు.

ఇక అచ్చతెనుగున కలిమి యనగా కలుగుట, లేమి యనగా లేకపోవుట. ధనికులను ఉన్నవారనియు, పేదలను లేనివారనియు అనుటయు నిట్టిదే. మఱియొక విశేషము. మనము "నాకు డబ్బున్నది" అందుము. ఆ వాక్యమునకు కర్త డబ్బు గాని నేను గాను. ఇంగ్లీషువారు తామే కర్తలై డబ్బును కర్మముగా జేసికొందురు. ఏ పద్ధతి నిజమునకు దగ్గరయో ఇల్లు నడుపువారికి తెలియును.

డబ్బు, దుడ్డు రెండును తొలుత రాగినాణెముల పేళ్ళు. చిన్న నాణెమే మొత్తము ధనమునకు పేరై కూర్చున్నది. వరహాకు, మాడకు ఆ యదృష్టము పట్టలేదు. మన రాయలసీమలో వీని కన్నిటికి మించినది "లెక్క". "లెక్క చేతిలో లేదు", "అల్లుడు లెక్క పంపినాడు" అని కడప పల్లెలలో నన్నప్పుడు, కృష్ణాతీరమునుండి వచ్చిన చుట్టములు ఏ గణితమో యని తెల్లబోవుదురు. మా యింట లెక్కలు చెప్పువారున్నారు గాని లెక్క తక్కువ.

బొక్కసము, భండారము అనునవి ధనముండు చోటులు. వానిలో మాకు మిక్కిలి ప్రియమైనది తిరుమలలోని సంకీర్తన భండారము. కడపసీమ తాళ్ళపాకలో బుట్టిన అన్నమాచార్యుల పదములు రాగిరేకులపై నందే దాగియుండి 1922లో వెలుగునకు వచ్చినవి.

సొమ్మను మాట సంస్కృతపు "స్వ" శబ్దమునుండి వచ్చినది, స్వమనగా తనది. పైకమును సొమ్మే, నగయు సొమ్మే, ఉత్తరాంధ్రమున పశువులును సొమ్ములే. "సొమ్మొకరిది, సోకొకరిది" అను సామెతకు ప్రాణమంతయు "ఎవరిది?" అను ప్రశ్నయే. 1876-78 నాటి ధాత కరువులో మన మండలములందు నగలును, వంటపాత్రలును గింజలకై అమ్ముడుపోయినవి. నేటికిని వాన తప్పిన యేడు తాకట్టు దుకాణమునకు ముందుగా నడచునది ఇల్లాలి మెడలోని సొమ్మే. తొడుగుకొన్నంత మాత్రమున నది తన దగునా?

స్మృతికారులు స్త్రీధనమని పేరు పెట్టిరి. పేరున్నను, భూముల విషయమున స్త్రీకి చాలకాలము దక్కినది పరిమితమైన యనుభవమే. ఇట తులసమ్మ వ్యాజ్యము చెప్పదగియున్నది. ఈ తెలుగు వనిత భర్త 1931లో గతించెను. మనోవర్తికై ఆమె 1944లో భర్త సోదరునిపై వ్యాజ్యము వేసెను. 1949లో రాజీ కుదిరి, కొంత యాస్తి ఆమె జీవితకాలము అనుభవించుటకు మాత్రమే, అమ్ముటకు వీలులేదని వ్రాసికొనిరి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, 14వ విభాగమున, స్త్రీ వశమందలి యాస్తికి ఆమెనే సంపూర్ణ యజమానురాలిని జేసినది. అయితే దానముగనో మరణశాసనముచేతనో పరిమితముగా నిచ్చిన హక్కు పెరుగదని యా విభాగమే మఱల చెప్పినది. తులసమ్మ ఆస్తిలో కొంత అన్యాక్రాంతము చేయగా తగవు మఱల మొదలై ఢిల్లీ వఱకు సాగెను. మనోవర్తి ఆమెకు ముందే గల హక్కనియు, దానికి బదులుగా వచ్చిన యాస్తి సంపూర్ణముగా నామెదే యనియు సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పెను. "అనుభవించుట" అను నొక్క మాట చిక్కు వీడుటకు ఇరువదియెనిమిదేండ్లు పట్టినది.

పిత్రార్జితమున కుమార్తెలకు సమానభాగము మన రాష్ట్రమున 1985 సవరణచే అవివాహితలకును, 2005 నాటి కేంద్ర సవరణచే వివాహితలకు గూడను లభించినది. భాగ్యములోని భాగము అప్పటికి చట్టమునకెక్కినది.

మన ప్రాంతమున పెండ్లినాడు బిడ్డకు "పసుపు కుంకుమల క్రింద" ఎకరమో రెండెకరములో నోటిమాటగా నిచ్చుట కలదు. మాట మధురమే గాని, స్థిరాస్తి దానమునకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము దాత సంతకము, ఇరువురు సాక్షులు, రిజిస్ట్రేషను కావలెను. ఇవి లేనిచో అన్నదమ్ముల తరము మారినపుడు పసుపు కుంకుమలు తప్ప వేఱేమియు మిగులదు. పత్రము వ్రాయించునపుడు "అనుభవించుటకు" అని యున్నదో, "దాన విక్రయాది సర్వహక్కులతో" అని యున్నదో సంతకమునకు ముందే చూడవలెను. తులసమ్మకు వలె పూర్వపు హక్కు లేనిచోట పత్రములోని మాటయే నిలుచును. చదువురాని తల్లికిని, అత్తగారికిని అక్షరమక్షరము చదివి వినిపించుట మన చేతిలోని పని.